అద్దె సింహాసనం మీద బాలశౌరి

నేను ఒక అద్దె సింహాసనాన్ని. నవ్వకండి. రెండు పక్కలా నోరు తెరిచిన సింహాలు, వీపున నెమలి పింఛం, ఒళ్ళంతా ఎర్ర ముఖమల్, కింద కాళ్ళు పెట్టుకోవడానికి మెట్టు. ఇంత వైభవం ఉన్నాక అద్దెకు తిరిగితే మాత్రం ఏం? ఒక వడ్రంగి నన్ను మామిడి చెక్కతో చేసి, బంగారు రంగు పూసి, టేకు అని చెప్పి షామియానా సప్లయి మస్తాన్ వలీకి అంటగట్టాడు. అబద్ధంలో పుట్టాను కనుక ఆడంబరం నాకు ఇట్టే అబ్బింది.

పెళ్ళికొడుకులు, రిటైరైన మాస్టార్లు, గెలిచిన సర్పంచులు, అందరినీ మోశాను. ఎవరైనా ఒకటే. కూర్చునే ముందు మొహమాటపడతారు, కూర్చున్నాక లేవబుద్ధి కాదు.

ఒక వేసవిలో ఇన్నాసిపాలెం కతోలిక గుడి నుంచి కబురొచ్చింది. పవిత్ర గురువారం పూజకు బిషప్ గారు వస్తున్నారట. క్రీస్తు తన శిష్యుల కాళ్ళు కడిగిన రోజది. ఏటా ఆ సాయంత్రం ఊరివాళ్ళను పన్నెండుగురిని కూర్చోబెట్టి పూజ చేసే గురువు వాళ్ళ కాళ్ళు కడుగుతాడు. గుళ్ళోకి సింహాసనంగా వెళ్తున్నానని నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ట్రాలీలో దారి పొడుగునా కీచుమంటూనే ఉన్నాను.

ఆ గుడిని చూసుకునే విచారణ గురువు, ఫాదర్ జ్ఞానప్రకాశం గారికి పట్నంలోని పెద్ద గుడికి బదిలీ కావాలి. అందుకే ఇన్ని హంగులు. ఫ్లెక్సీలో బిషప్ గారు నిలువెత్తున ఉన్నారు, ఏసుప్రభువు మూలన తపాలా బిళ్ళంత ఉన్నాడు. బ్యాండుమేళం, డ్రోను, యూట్యూబ్ లైవ్, అన్నీ సిద్ధం.

"ఉపవాసాలుండే తపస్సుకాలంలో బ్యాండుమేళమేందయ్యా? ఇది గుడా, పెళ్ళిపందిరా?" అన్నాడు బాలశౌరి. జీవితమంతా పరాయి పొలాల్లో పనిచేసిన ముసలాయన. ఏటా ఆ పన్నెండుగురిలో ఆయనొకడు.

"లైవ్ ఇస్తన్నాం బాబాయ్. నీ కాళ్ళ పగుళ్ళు ఇంతింతలేసి కనపడతాయి. ఈ ఏడు వెనక కూర్చో" అన్నారు ఫాదర్ గారు. ఆ చోటు కాంట్రాక్టర్ గాబ్రియేలుకి ఇచ్చారు. ఆయన పట్నం వెళ్ళి పాదాలకు మెరుగు పెట్టించుకుని వచ్చాడు.  బాలశౌరి ఇంటి దగ్గర రాయితో రుద్దుకున్న కాళ్ళతోనే వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాడు. నాకే ఉసూరుమనిపించింది.

ఫాదర్ గారు బిషప్ గారికి ఎదురెళ్ళే హడావుడిలో మస్తాన్‌తో, "కాళ్ళు కడిగే కార్యక్రమం. పెద్ద కుర్చీ ఒకటి, మామూలువి పన్నెండు వెయ్యి" అని చెప్పి పరుగెత్తారు. మస్తాన్‌కి తెలిసిన కాళ్ళు కడగడం పెళ్ళిళ్ళలోదే. నన్ను తెచ్చి పన్నెండుగురి వరుస చివర దర్జాగా నిలబెట్టాడు. మిగిలిన ప్లాస్టిక్ కుర్చీని బలిపీఠం పక్కన వేశాడు.

బిషప్ గారు లోపలికి వచ్చి, అటూ ఇటూ చూసి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఫాదర్ గారి మొహంలో నెత్తురుచుక్క లేదు. లైవ్ నడుస్తుంటే కుర్చీలు మోయడం ఎలా? వరుసలో తన వంతుకు నేనే మిగిలేసరికి గాబ్రియేలు నా ముఖమల్ నిమిరి, ప్లాస్టిక్ కుర్చీలోని బిషప్ గారి వంక చూసి, స్తంభం చాటుకు జారుకున్నాడు. నాకు మాత్రం లోపల్లోపల గిలిగింతలే.

ప్రసంగం అయ్యాక బిషప్ గారు పైవస్త్రం తీసి, నడుముకు తువ్వాలు కట్టుకుని, పదకొండుమంది కాళ్ళు కడిగి నా ముందుకొచ్చారు. నేను ఖాళీ.

"ఇక్కడెవరు?"

"పొరపాటైందండీ. అది మీ కుర్చీ" అన్నారు ఫాదర్ గారు.

గుమ్మం దగ్గర నుంచి మస్తాన్ అందుకున్నాడు. "తప్పు నాదేనయ్యా. పెళ్ళిలో కాళ్ళు కడిగించుకునే పెళ్ళికొడుకు పైన కూసుంటాడు, కడిగే మామ కింద కూసుంటాడు. ఈడ పద్ధతి వేరేనా అండీ?"

 బిషప్ గారి పెదవుల మీద నవ్వు మొలిచింది. "ఇక్కడా అదే పద్ధతి. మరి పెళ్ళికొడుకేడీ?"

చోటు పోయిన ముసలాయన సంగతి విన్నవాడు కనుక మస్తాన్ ఆలోచించలేదు. తిన్నగా చివరి బెంచీకి వెళ్ళి బాలశౌరి చెయ్యి పట్టుకున్నాడు. "నా కాళ్ళు బాగుండవురా" అంటూనే వచ్చాడు ముసలాయన. నా అంచు మీద, పిట్ట వాలినట్టు కూర్చున్నాడు. బిషప్ గారు మోకాళ్ళ మీద వంగి నీళ్ళు పోశారు.

"ఏమనుకోబాకండయ్యా," అన్నాడు బాలశౌరి నెమ్మదిగా, "మీరు ఈ కుర్చీలో కూసునుంటే మా కాళ్ళు మీకు కనపడేయి కావు."

బిషప్ గారి చెయ్యి ఆ పగుళ్ళ మీద ఆగిపోయింది. కడిగిన పాదాన్నే మళ్ళీ కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకున్నారు. కడిగించుకున్న మరుక్షణం బాలశౌరి గబుక్కున లేచి తన బెంచీకి వెళ్ళిపోయాడు.

బిషప్ గారు పూర్తిగా మారిపోయారని నేను చెప్పను. వచ్చిన పెద్ద కారులోనే వెళ్ళారు. కానీ ఇప్పుడు ఏ ఊరు వెళ్ళినా సింహాసనం వద్దని ముందే కబురు పెడుతున్నారట, నా గిరాకీ కొంత దెబ్బతింది. జ్ఞానప్రకాశం గారికి బదిలీ వచ్చింది, బస్సు దిగి కొండదారిన నడిచి వెళ్ళాల్సిన ఊరికి. తన కాళ్ళూ పగిలాయని మస్తాన్‌కి ఫోన్లో చెప్పి నవ్వారట.

నేను ఇప్పుడు గోడౌన్‌లో ఉన్నాను. ఒక సింహానికి దవడ ఊడింది. మస్తాన్ ముఖమల్ మార్చాడు కానీ మెట్టు మీది నీటి మరక మాత్రం తుడవలేదు. అదేమిటని ఎవరైనా అడిగితే, "పెళ్ళికొడుకు కాళ్ళు కడిగిన నీళ్ళు" అంటాడు. నేనూ కాదనను. నా మీద కూర్చుని, లేవడానికి తొందరపడిన పెళ్ళికొడుకు ఆయనొక్కడే.