దోనె తాడు

జురేమా రెండు గ్లాసుల కాఫీ పట్టుకుని కింది గదిలోంచి పైకి వచ్చేసరికి పడవ చక్కగా నడుస్తోంది. నడిపేవాడే లేడు.

తెరచాప నిండా గాలి ఉంది. చుక్కాని రబ్బరు తాడుతో ఎప్పటిలాగే ఒక పక్కకి బిగించి ఉంది. మొగుడు అనీసియో కూర్చునే చోట అతని చెప్పులు మాత్రం ఉన్నాయి, పక్కపక్కనే, బుద్ధిగా.

"ఏమయ్యోయ్!" అని పిలిచింది.

ఆ పడవ ఈ చివర నుంచి ఆ చివరకి ముప్ఫై అడుగులు. అందులో తొంభై కిలోల మనిషి దాక్కోవడానికి చోటెక్కడుంటుంది? అయినా వెతికింది. తెరచాప వెనక చూసింది, కిందికి దిగి మరుగుదొడ్డి తలుపు తీసింది, చివరికి ఇంజను పెట్టె మూత కూడా ఎత్తి చూసింది. కంటికి కనబడుతున్నది బుర్రకెక్కనప్పుడు ఎంత తెలివిగల మనిషైనా ఇలాంటి పనులే చేస్తుంది. కాఫీ ఎప్పుడు ఒలికిందో, చేయి ఎప్పుడు కాలిందో ఆమెకి తెలియదు. కాళ్ళకింద భూమి కదిలిపోయిందందామంటే అక్కడ భూమి కూడా లేదాయె.

అప్పుడు పడవ వెనక్కి చూసింది. తాడుకట్టి వెంట లాక్కొస్తున్న దోనె లేదు. తాడూ లేదు.

మనిషీ దోనే కలిసి మాయమయ్యారంటే మనిషి దోనెలోనే ఉండి ఉండాలి. తెల్లవారుజామున వాన పడింది. నీళ్ళు నిండిన దోనె బరువై పడవని వెనక్కి లాగుతుందని పొద్దున్నే సణిగాడు. దాన్ని దగ్గరికి లాక్కుని, అందులోకి దిగి, కోసిన ప్లాస్టిక్ సీసా ముక్కతో నీళ్ళు తోడటం వాళ్ళకి వారానికి రెండుసార్లుండే పనే. కాకపోతే దిగేముందు "దిగుతున్నా" అని కేకెయ్యాలి. పైకి పోయేవాడు చెప్పి పోవాలి, కిందికి పోయేవాడు చెప్పి పోవాలి. ఇరవై ఆరేళ్ళుగా పడవ మీద కాపురం ఆ ఒక్క కట్టుబాటు మీదే నడిచింది.

ఈ పొద్దున మాత్రం ఇద్దరికీ మాటల్లేవు.

ఇల్యా గ్రాంజీ దీవి పక్కన లంగరు ఎత్తకముందే జురేమా అంది, "ఈ ఏడాదితో పడవ అమ్మేద్దాం" అని. ఎందుకన్నాడు. మోకాళ్ళ నొప్పులంది.

"నీ మోకాళ్ళ కోసం నా పడవ అమ్మాలా? విసుగొస్తే నువ్వు దిగిపోవే."

"నేనెందుకు దిగుతా? నువ్వే దిగు. నిన్ను సముద్రంలో దించేసి హాయిగా నేనే నడుపుకుంటా."

మామూలు రోజైతే ఆ మాటకి పడీపడీ నవ్వేవాడే. ఇవాళ మూతి ముడుచుకుని లంగరు ఎత్తాడు. ఆమె కిందికి దిగి చిక్కుడు గింజలు కుక్కర్‌లో పడేసింది. ఆ కుక్కర్ పాతది, బుస మొదలెట్టిందంటే పక్కన పిడుగుపడ్డా వినపడదు. అతను అరిచే ఉంటాడు. గొంతు చించుకునే ఉంటాడు. ఆమె ఆ బుస వింటూ ఉల్లిపాయలు తరుక్కుంది.

గింజలు ఉడకడానికి నలభై నిమిషాలు. అంటే అతను పోయి ఎంత లేదన్నా అరగంట. ఈ గాలికి పడవ అరగంటలో మూడు మైళ్ళు నడుస్తుంది. తెడ్లు, మోటారు ఇక్కడే పడవ మీద ఉన్నాయి, దోనెని లాక్కెళ్ళేటప్పుడు ఎవరైనా వాటిని పైన పెట్టుకునేదే. అతని చేతిలో సీసా ముక్క ఉంది, అంతే.

తెరచాప దించి, ఇంజను వేసి, పడవ మూతి వచ్చిన దారికే తిప్పింది. రేడియోలో పిలిచింది. రొయ్యల పడవవాడెవడో పలికాడు.

"తప్పిపోయింది ఎవరమ్మా?"

"నా మొగుడు."

"ఎప్పుడు?"

"నేను వంట చేస్తుండగా."

"దోనెలో ఉన్నాడా, నీళ్ళలో ఉన్నాడా?"

అది తెలిస్తే ఆమె రేడియోలో ఎందుకు పిలుస్తుంది? సముద్ర దేవత యెమాంజా తల్లికి ఇచ్చుకోవడానికి ఏముందా అని చుట్టూ చూసి, కళ్ళకి కనపడిన ఉల్లిపాయల గిన్నె గిన్నెతో సహా నీళ్ళలోకి విసిరేసింది. తల్లికి పూలూ అత్తరూ ఇష్టమట. ఇవాళ్టికి సర్దుకోవాలి.

అప్పుడు తట్టింది ఆమెకి అసలు సంగతి.

ఎనిమిది నెలలుగా అనీసియో కుడి చేతి బొటనవేలికి పట్టు చిక్కడం లేదు. ముడి వేస్తాడు, చూడటానికి ముచ్చటగా ఉంటుంది, చివరి బిగువు మాత్రం పడదు. ఆ సంగతి అతనికి తెలియదు. పద్నాలుగో ఏట నుంచి ముళ్ళు వేసినవాడు, పరాచీ రేవులో కుర్రకారుకి నేర్పినవాడు. అతనికి ఎలా చెబుతుంది? చెప్పలేదు. అతను ముడి వేసి అటు తిరగ్గానే ఇటు ఆమె వెళ్ళి మళ్ళీ బిగించేది. పడవ అమ్మేద్దామన్నది అందుకు. మోకాళ్ళు పాపం బాగానే ఉన్నాయి.

ఈ పొద్దున కోపంలో ఆమె వెనక్కి వెళ్ళలేదు. దోనె ముడి ముట్టుకోలేదు.

"నేనే చంపుకున్నాను," అంది పైకే. ఆ గొంతు ఎవరిదోలా వినిపించి ఉలిక్కిపడింది.

దూరాన నారింజ రంగు చుక్క కనబడేసరికి మొదట నమ్మలేదు. కళ్ళు నులుముకుని చూసింది. దోనె. అందులో మనిషి. ప్రాణంతో కదులుతున్న మనిషి! ఏడుస్తూ నవ్వుతూ, చేతులు రెండూ ఎత్తి ఊపింది.

అతను చెయ్యి ఊపలేదు. అటు తిరిగి కూర్చుని, సీసా ముక్కతో నీళ్ళు వెనక్కి నెట్టుకుంటూ దీవి వైపు పోతున్నాడు. ఇంజను చప్పుడు వినపడక కాదు. విని కూడా తల తిప్పలేదు.

పడవ పక్కన చేర్చి నిచ్చెన దించితే ఎక్కాడు. ఎండకి మెడ కమిలిపోయింది. ఆమె మీద పడి కావలించుకుంటే కొయ్యలా నిలబడ్డాడు.

"ఏంటి, మనసు మారిందా?" అన్నాడు.

"ఏమన్నావ్?"

"దించేసి పోతానన్నావుగా. పోయావు. మళ్ళీ ఎందుకొచ్చావని అడుగుతున్నా."

చచ్చాడనుకున్నప్పుడు కూడా ఆమె ఇంత నిలువునా కొయ్యబారిపోలేదు.

"నేను... నిన్ను వదిలేసి పోయానా?"

"తాడు తెగలేదు. ఇదిగో, కొస చూడు, శుభ్రంగా ఉంది. నేను కట్టిన ముడి, నా చేత్తో కట్టింది, దానంతటది ఊడుతుందా? అరిచాను జురేమా. గొంతు పోయేదాకా అరిచాను. నువ్వు తలైనా పైకెత్తలేదు."

"కుక్కర్ మోత!"

"తాడు కూడా కుక్కరే విప్పిందా?"

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. చెంప మీద ఒక్కటివ్వాలనిపించింది. ఇరవై ఆరేళ్ళు ఒకే మంచం, ఒకే ఉప్పు, ఒకే తుపాను. ఒక్క ముడి ఊడగానే పెళ్ళాం హంతకురాలైపోయింది! నాలుగు దులుపుదామని నోరు తెరిచి, అతని మొహం చూసి ఆగిపోయింది.

అతను కోపంగా లేడు. భయపడుతున్నాడు. తాడు కొసని రెండు చేతులా పట్టుకుని, కళ్ళార్పకుండా ఆమెనే చూస్తున్నాడు. అవునని అనవే అన్నట్టు చూస్తున్నాడు. పెళ్ళాం విప్పిందంటే ఏడుస్తాడేమో గానీ బతుకుతాడు. ముడే ఊడిందంటే ఎలా బతకాలో అతనికి తెలియదు.

అవును నేనే విప్పాను, కోపంలో విప్పాను అనేద్దామా అని ఒక్క క్షణం అనుకుంది. అంటే రేపు మళ్ళీ అతను ముడి వేస్తాడు. ఎల్లుండీ వేస్తాడు.

"నేను విప్పలేదు," అంది. "బిగించలేదు. రోజూ నువ్వు కట్టాక నేనే బిగిస్తున్నా. ఎనిమిది నెలల్నుంచి. ఇవాళ ఒక్కరోజు బిగించలేదు."

అతను కుడి చెయ్యి తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"లంగరు తాడు కూడానా?" అన్నాడు చివరికి.

"లంగరు తాడు కూడా."

"రాత్రిళ్ళు నేను నిశ్చింతగా నిద్రపోయింది..."

దోనె అలలకి పడవని టకటకా కొడుతోంది. అతను దోనె తాడు కట్టే ఇనుప కొక్కెం దాకా నడిచి అక్కడ ఆగాడు. తర్వాత తాడు కొస ఆమె చేతిలో పెట్టి, ఆమె కడుతుంటే చూడలేక తల అటు తిప్పుకున్నాడు.