బెనెడిక్టుకు దొరకని నీళ్లు

మా ఆయన విశ్వాసం గారికి కుడికన్ను ఎప్పుడో పోయింది. ఉన్న ఎడమకంటికి శుక్లం పట్టింది. రక్తంలో చక్కెర దిగితే తప్ప ఆపరేషన్ చెయ్యనని ఏలూరు డాక్టరు గారు ఇప్పటికే రెండుసార్లు వెనక్కి పంపారు. వండేది నేను, వడ్డించేది నేను, మందులు చేతిలో పెట్టేది నేను. అయినా చక్కెర దిగదు! నా అనుమానం ఆయన పక్కనుంచి కదలని మంచినీళ్ల సీసా మీదికి పోయింది.

ఒక చుక్క నాలుక మీద వేసుకుంటే తేలిపోయేదిగా అంటారేమో. నేను తాడేపల్లిగూడెంలో కెమిస్ట్రీ లెక్చరర్ని. పరీక్ష చేసేదేదీ నోట్లో పెట్టుకోవద్దని రోజూ పిల్లల్ని తిట్టే నోరిది. కాలేజీ నుంచి నీలిరంగు బెనెడిక్టు ద్రావణం తెచ్చి, అందులో ఆ నీళ్లు కాసిని పోసి, ఆయన ఎదుటే వేడిచేశాను. గ్లూకోజు ఉంటే ఇటుకరంగు రావాలి.

"రంగేంటి హన్నా?"

"నీలమేనండీ."

"మరింకేం! ఉత్త మంచినీళ్లే."

ఆ మాటతోనే దొరికిపోయారు. ఈయనా కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషే. నీలంగా ఉంటే చక్కెర లేనట్టేనా అని వైవాలో ఎంతమంది పిల్లల చేత నీళ్లు నమిలించారో! పంచదారలో గ్లూకోజు, ఫ్రక్టోజు తమ చురుకైన కొసలతోనే ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. బెనెడిక్టుతో కలబడే కొస మిగలదు. యాసిడ్ వేసి మరిగిస్తే ఆ పట్టు వీడుతుంది.

మరిగించాను. సోడా ఉప్పుతో పులుపు విరిచి, మళ్లీ బెనెడిక్టు పోసి వేడిచేశాను. ఎర్రటి ఇటుకరంగు.

"పంచదార కలుపుకుంటున్నారు. ఎందుకండీ?" గొంతు పెంచే అడిగాను.

ఆయన సీసాని ఒళ్లోకి లాక్కున్నారు.

"చక్కెర దిగితే కోసేస్తారు కదా. ఇప్పుడైతే మసకమసగ్గానైనా నువ్వు కనబడుతున్నావు. అది కాస్తా పాడైతే? నా వల్ల కాదు హన్నా, నాకు భయం."

ఈ మనిషంటే నాకెంత ప్రాణమో ఆ క్షణంలో తెలిసొచ్చింది. ఎదురుగానే నిలబడి ఉన్నాను, చెంపల మీద కన్నీళ్లు కారిపోతున్నాయి.

"ఏం మాట్లాడవేం? కోపం తగ్గలేదా?" అన్నారాయన నా ముఖంకేసి చూస్తూ.

"ఏడుస్తున్నానండీ" అన్నాను. "అది కూడా నేనే చెప్పాల్సొస్తోంది మీకు."

ఆయన సీసా తీసి నా చేతికిచ్చేశారు.