మొక్కు ఎవరిది

"మొత్తానికి దేవుడు మన అప్పు తీర్చేశాడే!" అన్నాడు భర్త, మంచం మీద కాళ్లు బార్లా చాపుకుని.

ఆమె అతని చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలర్ దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇంకాసేపు ఆగితే చొక్కా కాలుతుందని మళ్లీ కదిలించింది. పగలూ సాయంత్రమూ హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసి, ఇంటికొచ్చి మళ్లీ అదే పెట్టె పట్టుకున్న మనిషికి, ఆ దేవుడు ఏ వేళప్పుడు వచ్చి అప్పు తీర్చి వెళ్లాడో అంతు చిక్కలేదు. ఆఖరి వాయిదా కట్టింది తను, ఆ మధ్యాహ్నమే, భోజనాల విరామంలో. ఫైనాన్స్ ఆఫీసులో గుమాస్తా "అయిపోయిందమ్మా, ఇంక బాకీ లేదు" అన్నప్పుడు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఎక్కడైనా కాసేపు కూలబడాలనిపించింది. అక్కడున్న ఒక్క కుర్చీలో ఎవరిదో సంచీ ఉంది. నడిచి మళ్లీ పనిలోకి వచ్చేసింది.

ఐదేళ్ల కిందట ప్రార్థన మందిరంలో పరిచయమైన ఒకాయనతో కలిసి భర్త అప్పు చేసి ఫోన్ల దుకాణం పెట్టాడు. "దేవుడే తలుపు తెరిచాడు" అన్నాడప్పుడు. తెరిచిన తలుపులోంచి ముందు ఆ పార్ట్‌నరు వెళ్లిపోయాడు, వెనకే కొనేవాళ్లు, ఆ తర్వాత సరుకు. షట్టరు దించేసి ఇంటికొచ్చిన రోజున "ఇది పరీక్ష" అన్నాడు. పరీక్ష అతనిది, చదివి రాసింది మాత్రం ఆమె. లాండ్రీలో పగటి డ్యూటీతో పాటు సాయంత్రం డ్యూటీ కూడా అడిగి తీసుకుంది. అతను తెలిసినవాళ్ల కొట్లో లెక్కలు రాయడానికి కుదిరాడు, అదీ ఒక పూటే. రెండో పూట మందిరంలో కూర్చునేవాడు. "నీకు తెలీదు, నేను అక్కడ మన కోసం ఎంత పోరాడుతున్నానో" అనేవాడు. పోరాడి వచ్చినవాడికి భోజనం వేడిగా ఉండాలి కదా, అందుకని డ్యూటీ నుంచి వచ్చీ రాగానే పొయ్యి వెలిగించేది.

అత్తగారి మాట వేరేగా ఉండేది. "ప్రార్థనలో కునుకు తీస్తావు నువ్వు. నలుగురూ చూస్తున్నారు. మనసు పెట్టి దణ్ణం పెట్టుకుంటే ఈ అప్పు ఇన్నాళ్లు ఉండేదా?" కునికిన మాట నిజమే. వారం మొత్తం మీద గోడకి వీపు ఆనించి కూర్చునేది ఆ గంట సేపే. అంతమాత్రాన ఆమెకి దేవుడంటే నమ్మకం లేక కాదు. ఆ ఇంట్లో అందరి కంటే ఎక్కువ దేవుడితో మాట్లాడేది ఆమే. లాండ్రీలో ఆవిరి మిషన్ల హోరులో పక్కవాళ్లకి వినపడదు కాబట్టి పైకే మాట్లాడేది. "ఈ నెల గట్టెక్కించు. దుప్పటి మీద ఈ మరక పోయేలా చెయ్యి, లేకపోతే ఆ సూపర్‌వైజర్ నా జీతంలో కోస్తాడు. మా ఆయనకి కాస్త బుద్ధి ఇయ్యి." చివరిది ఒక్కటీ ఎందుకో వాయిదా పడుతూ వచ్చింది.

"ఇంక మొక్కు తీర్చుకోవాలి" అన్నాడు భర్త.

"ఏం మొక్కు?"

"అప్పు తీరితే మందిరంలో నేలంతా పగలగొట్టించి కొత్త బండలు పరిపిస్తానని మొక్కుకున్నా. ఆ రోజు అందరికీ భోజనాలు కూడా."

"డబ్బో?"

"అదీ దేవుడే చూపించాడు. ఫైనాన్స్ ఆయన తనే ఫోన్ చేసి మరీ అన్నాడు, మనం నమ్మకమైన పార్టీ అట, ఎంత కావాలన్నా ఇస్తాడట. నీ జీతం మీద ఇస్తాడు కాబట్టి నువ్వో సంతకం పెడితే చాలు. శుక్రవారం ఇంటికే వస్తాడు."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకోలేనంత నవ్వు. అప్పు తీర్చడమంటే ఇంకో అప్పుకి అర్హత సంపాదించుకోవడమని ఇన్నాళ్లూ తెలీలేదు. తెలిస్తే ఒకటి రెండు వాయిదాలు ఎగ్గొట్టి పేరు చెడగొట్టుకునేది.

పక్కగదిలోంచి అత్తగారు కేకేసింది. "దేవుడి విషయంలో ఇకిలింపులేమిటి? ఎగ్గొట్టిన మొక్కు ఊరికే పోదు. పిల్లకి తగులుతుంది."

నవ్వు చప్పున ఆగిపోయింది.

పిల్ల మూలన గోడకానుకుని చదువుకుంటోంది. కళ్లజోడు పవరు సరిపోక పుస్తకం ముక్కుకి ఆనించుకుంటుంది. అప్పు తీరిన నెలలో మొదట చేయాల్సిన పని దానికి కొత్త కళ్లజోడు కొనడమని ఎప్పటి నుంచో అనుకుంటోంది ఆమె. ఆ పిల్లకి తగులుతుందట. ఇలాంటి మాటలు నమ్మకూడదని తెలుసు. తెలిసినా మాట లోపలికి దిగిపోయింది. మర్నాడు మిషన్ ముందు నిలబడి అదే ఆలోచన. ఆయన మొక్కుకుంటే పిల్లకెందుకు తగలాలి? తగలదలుచుకుంటే ఆయనకే తగలొచ్చుగా, మనిషి ఎదురుగానే ఉన్నాడు. దేవుడు అంత గురి లేనివాడా? ఛ, అలా అనకూడదు. కానీ ఎవరో మాటిస్తే ఇంకొకళ్ల చేత వసూలు చేయడం ఫైనాన్స్ వాళ్ల పద్ధతి కదా, దేవుడికీ అదే పద్ధతా? ఆ ఆలోచనలో దిండు గలీబు ఒకటి కాలింది. సూపర్‌వైజర్ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని "ఇది నీ ఖాతాలో రాస్తా పెద్దక్కా" అన్నాడు.

సాయంత్రం డ్యూటీకి ముందు దొరికే కాస్త ఖాళీలో మందిరానికి వెళ్లింది. మందిరం చూసుకునే పెద్దాయన స్టూలెక్కి బల్బు మారుస్తున్నాడు. "సమయానికి వచ్చావు తల్లీ, ఈ స్టూలు కాస్త పట్టుకో" అన్నాడు. ఎక్కడికెళ్లినా తన కోసం ఒక పని ముందే వచ్చి కూర్చుంటుంది. పట్టుకుంది. పట్టుకునే అడిగింది.

"మొక్కు తీర్చకపోతే పిల్లలకి తగులుతుందా అండీ?"

"ఎవరన్నారు?"

"మా అత్తగారు."

పెద్దాయన బల్బు బిగించి నెమ్మదిగా దిగాడు. "మొక్కు మొక్కేనమ్మా. మాట ఇచ్చాక నిలబెట్టుకోవాలి. మీ ఆయన బండల సంగతి చెప్పాడు. చాలా సంతోషం. ఈ నేల చూశావుగా, ఎలా ఉందో."

"అప్పు చేసి వేయిస్తారట."

"అప్పు చేసా? ఆ మాట నాకు చెప్పలేదే."

"మళ్లీ నా జీతం మీదే. నేను ఈ ఐదేళ్లూ రెండు పూటలా నిలబడి తీర్చానండీ. మళ్లీ నిలబడాలంటే నా కాళ్లు ఒప్పుకోవట్లేదు. మీరే చెప్పండి, ఆయన మొక్కుకి నేను చాకిరీ చేస్తే అది ఎవరి ఖాతాలోకి వెళ్తుంది? నేను వాదించడానికి రాలేదు. నాకు భయంగా ఉంది, అందుకని వచ్చాను."

పెద్దాయన కాలి కింద విరిగిన బండ వైపు ఒకసారి ఆశగా చూసుకున్నాడు. చివరికి అన్నాడు. "అప్పు చేసి తెమ్మని దేవుడు ఎవరినీ అడగడమ్మా. పిల్లకేం కాదు. వెళ్లు, నిశ్చింతగా వెళ్లు."

శుక్రవారం ఫైనాన్స్ ఆయన వచ్చాడు. భర్త అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఫ్యాను అతని వైపు తిప్పాడు. కాగితాలు బల్ల మీద పరిచి, వేలితో చోటు చూపించాడు. "ఇక్కడా, ఇక్కడా."

"నేను పెట్టను" అంది ఆమె.

"ఏంటి?"

"సంతకం పెట్టను. మొక్కుకున్నది మీరు. మీ జీతం మీద ఎంత ఇస్తారో అడగండి."

ఫైనాన్స్ ఆయన దగ్గి, కాగితాలు మెల్లగా బ్యాగులో సర్దుకున్నాడు. భర్త జీతం మీద ఎంత ఇస్తారో ఆ దగ్గులోనే ఉంది.

ఆ మనిషి వెళ్లాక ఇల్లు దద్దరిల్లింది. "బయటివాడి ముందు నా పరువు తీశావు. డబ్బు సంపాదిస్తున్నానని పొగరు. దేవుడంటే భయం లేదు నీకు." అత్తగారు తిండి మానేసింది, అంటే ఆమె వడ్డిస్తే మానేసింది. కొడుకు పెడితే తినేది. పెట్టడం అతనికి కొత్త కాబట్టి సగం నేల మీద పడేది, అది మళ్లీ ఆమే తుడిచేది. రోజుల తరబడి ఎవరూ పలకరించలేదు. పిల్ల మాత్రం కొత్త కళ్లజోడు పెట్టుకుని, "అమ్మా, నీ కళ్ల కింద ఇంత నలుపుందా?" అంది.

భర్త పెద్దాయన దగ్గరికి ఫిర్యాదుకి వెళ్లాడు. వెళ్లినవాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు. డబ్బు లేకపోతే ఒంటితో తీర్చుకోమన్నాడట పెద్దాయన. ఏడాది పాటు ప్రతి వారం మందిరం కడిగి, అందరూ తిన్న గిన్నెలు తోమాలి. కాదనడానికి లేదు, నలుగురి ముందు చెప్పాడు మరి.

చేశాడు. ఆ మాట ఒప్పుకోవాలి. మొదటి వారం గిన్నెలకి జిడ్డు వదల్లేదు, మూడో వారానికి చెయ్యి తిరిగింది. నెలన్నర గడిచాక పెద్దాయన అతన్ని లేపి నిలబెట్టి అందరికీ చూపించాడు. "చూడండి, ఎంత వినయం! అందరి ఎంగిలి గిన్నెలూ తోముతున్నాడు. భక్తి అంటే ఇదీ." ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. అత్తగారు మురిసిపోయింది. బయటికి వస్తుంటే ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుని "ఎంత అదృష్టవంతురాలివే! పాపం, ఆయన వేళ్లు ఎలా పగిలిపోయాయో చూశావా?" అంది. ఆవిడ చేతి వేళ్లు ఆమె చేతికి గరుగ్గా తగిలాయి. ఆవిడ ఆరుగురున్న తన ఇంట్లో రోజూ గిన్నెలు తోమే మనిషి. ఆవిణ్ణి ఎవరూ ఏనాడూ లేపి నిలబెట్టలేదు.

ఒళ్లు భగ్గుమంది. అతని మీద కాదు, పెద్దాయన మీద కూడా కాదు. వారానికి ఒక్క పూట చేస్తే భక్తి అయ్యే పని, రోజుకి మూడు పూటలా చేస్తే అసలు పనే కాకుండా పోయిన లెక్క మీద. ఆ మంటతోనే ఇంటికి నడిచింది. నడుస్తుంటే మంట చల్లారలేదు కానీ, బుర్ర తేటపడింది. అప్పు తీరిపోయి రెండు నెలలైంది. అయినా సాయంత్రం డ్యూటీకి వెళ్తూనే ఉంది. ఎవరూ వెళ్లమనలేదు, ఎవరూ మానమనలేదు. ఆ డబ్బు వస్తోంది, ఇంట్లో కరిగిపోతోంది.

సోమవారం సూపర్‌వైజర్‌తో ఒకటో తారీఖు నుంచి సాయంత్రం రానని చెప్పింది. ఇంటికొచ్చి భర్తకీ చెప్పింది.

అతను నోరు తెరిచాడు. "మరి ఇల్లు గడవద్దా?"

"నాదో పూట, మీదో పూట. సరిపోతుంది."

"చాలకపోతే?"

"చాలకపోతే నన్ను అడక్కండి. దేవుణ్ణీ అడక్కండి, ఆయన్ని ఐదేళ్లుగా విసిగించాం. మీ కొట్టు ఆయన్ని అడగండి, రెండో పూట పనుందేమో."

అతను తల్లి వైపు చూశాడు. తల్లి గోడ వైపు చూసింది.

మొదటి ఖాళీ సాయంత్రం ఏం చేయాలో ఆమెకి తోచలేదు. కాళ్లు అలవాటు కొద్దీ లాండ్రీ వైపు నడిచి, మలుపు దగ్గర ఆగి, మందిరం వైపు తిరిగాయి. లోపల ఎవరూ లేరు. గోడకి ఆనుకుని కూర్చుంది. నిద్ర రాలేదు. చేతులు జోడించింది కానీ ఏమనాలో తెలియలేదు. అప్పు గురించి తప్ప వేరే మాట దేవుడితో మాట్లాడి ఎన్నేళ్లైందో! అడగడానికి ఏమైనా ఉందా అని వెతుక్కుంది. ఉన్నాయి, బోలెడు. అయినా అడగబుద్ధి కాలేదు. చేతులు దించి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చుంది. తనతో పాటు ఆయనకీ కాస్త ఊపిరాడుతున్నట్టనిపించింది.