బావకని మరో చిటికెడు గంధకం

వన్ టౌన్ సందుల్లో ఉన్న భీమశంకరరావు గారి రబ్బరు వర్క్‌షాపులో జగ్గారావు ప్రెస్సు మీద పనిచేసేవాడు. ఇనప అచ్చులో పచ్చి రబ్బరు ముద్ద పెట్టి, వేడి ప్రెస్సులో నొక్కి ఉడికిస్తే రింగు తయారవుతుంది. పంపుల్లో నీళ్లు కారకుండా ఆపేది ఆ రింగే. మెత్తటి రబ్బరు గట్టిపడాలంటే అందులో గంధకం కలపాలి. ఎంత కలపాలో భీమశంకరరావు గారు కాకినాడలో నేర్చుకుని వచ్చారు. త్రాసు ఎప్పుడూ ఆయన ముందే ఉండేది. ఆ త్రాసు విషయంలో ఆయన భార్యని కూడా నమ్మేవారు కాదు.

అయితే ఆ షాపులో ఒక మర్యాద ఉంది. పనివాళ్లు తమ సొంతవాళ్లకి ఏదైనా కావలిస్తే, సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాక, షట్టరు దించే ముందు మిగిలిన ముద్దతో చేసుకోవచ్చు. దానికి త్రాసు లేదు. అయినవాళ్లకి తూచి ఇవ్వడమేమిటని, ఎవరికి వారు ఆ ముద్దలో ఇంకో చిటికెడు గంధకం జల్లేవారు. పెళ్లి పంక్తిలో మనవాళ్ల విస్తరి దగ్గరికి వచ్చేసరికి నెయ్యి గరిటె కాస్త ఎక్కువ వంగుతుంది కదా, అలాగే. అందులో తప్పుందని పనివాళ్లెవరికీ తోచలేదు.

జగ్గారావు బావ గవర్రాజు ఫిషింగ్ హార్బర్లో బోటు డ్రైవరు. ఇంజను చల్లబడటానికి సముద్రం నీళ్లు తోడే పంపులో రింగు పాడైందని బావమరిది దగ్గరికి వచ్చాడు.

"మంచిది సెయ్యి బామ్మర్దీ. సముద్రంలో కొట్లుండవు."

జగ్గారావు చిటికెడు గంధకం వేశాడు. తర్వాత గవర్రాజు భార్య, తను అప్పా అని పిలిచే అక్క రామలక్ష్మమ్మ మొహం గుర్తొచ్చి ఇంకో చిటికెడు వేశాడు. రింగు గోరు దిగనంత గట్టిగా వచ్చింది. మర్నాటికి దాని మీద తెల్లటి పొడి లేచింది.

"ఇదేటి, బూడిదా?" అన్నాడు గవర్రాజు.

"కొత్త సరుకు బావా. పౌడరు రాసుకున్నాది."

ఆ పౌడరు రాసుకున్న రింగు నెల తిరక్కుండానే చిట్లింది. జగ్గారావుకి తల కొట్టేసినట్టయింది. ఈసారి ఏ లోటూ రాకూడదని చారెడు వేశాడు.

రెండో రింగు రుషికొండకి ఎదురుగా, ఒడ్డుకి చాలా దూరాన పగిలింది. బోటు కడుపులోకి నీళ్లు వచ్చాయి. లోపలున్నవాళ్లు చేపల బుట్టలు పారేసి, బకెట్లతో నీళ్లు తోడుతూ దేవుళ్లందరినీ పేరుపేరునా పిలిచారు. చివరికి ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది. గవర్రాజు తడి లుంగీతోనే సరాసరి వర్క్‌షాపుకి వచ్చాడు.

"నాను సచ్చిపోతే నీకేటి ఒత్తాది బామ్మర్దీ?" అని అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. "ఇయ్యాల్టి నుండి మీ అప్ప నీ గుమ్మం తొక్కదు. నువ్వూ మా గుమ్మం తొక్కకు."

గవర్రాజు మాటంటే మాటే. జగ్గారావుకి ఊహ తెలియకముందే తల్లి పోతే, ఎత్తుకుని పెంచింది ఆ అప్పే. ఇప్పుడు బజార్లో ఎదురైతే ఆవిడ మొహం పక్కకి తిప్పుకునేది, కళ్లు మాత్రం తమ్ముడి మీదే ఉండేవి. జగ్గారావుకి అన్నం సయించడం మానేసింది. అప్ప లేని ఊళ్లో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అనిపించేది.

వేసవి దాటాక ఒకరోజు గవర్రాజే వచ్చాడు. మాట్లాడటానికి కాదు, తిట్టడానికి. జేబులోంచి ఓ అరిగిన పాత రింగు తీసి బల్ల మీద కొట్టాడు.

"బజార్లో కొన్నాను. ఎవుడో ముక్కూ మొకం తెల్నోడు సేసినాడు. ఇన్నాళ్లూ సుక్క నీరు కారనేదు. సూసి నేర్సుకో."

జగ్గారావు రింగు తిప్పి చూశాడు. లోపలి అంచు మీద వెంట్రుకంత గీత ఉంది. ఒకప్పుడు తను అచ్చుని కింద పడేసినప్పుడు పడ్డ గీత అది. అప్పట్నుంచీ ఆ అచ్చులో ఉడికిన ప్రతి రింగుకీ వస్తోంది. ఆ ముక్కూ మొహం తెలియనివాడు తనే.

చెబితే పరాయివాళ్లకి మంచి సరుకు, బావకి చెత్త సరుకు ఇచ్చాడని రుజువవుతుంది. చెప్పకపోతే అప్ప ఎప్పటికీ రాదు. జగ్గారావు ఆ గీతని బావకి చూపించాడు.

"ఇదీ నాను సేసిందే బావా. నీకనేసరికి గంధకం ఎక్కువేసినాను. పరాయోలకి ఎయ్యనేదు."

అతని చెవులకే అది అబద్ధంలా వినిపించింది. గవర్రాజు పిడికిలి బిగించాడు.

భీమశంకరరావు గారు ఎవరి తగాదాలోనూ తల దూర్చే మనిషి కాదు. కానీ గంధకం మాటొచ్చేసరికి ఉండలేకపోయారు. త్రాసు మీంచి చూపు ఎత్తకుండా అన్నారు: "నిజవేనండి. రబ్బరు తనక్కావలసింది పుచ్చుకుంటాది, మిగతాది లోపల దాక్కుంటాది. పైకి తేలిన తెల్లపొడి అదేనండి. ఇంజను వేడి తగిలినప్పుడల్లా లోపలున్నది రబ్బరుని ఇంకా బిగించేస్తా ఉంటాది. బిగిసి బిగిసి పెళుసైపోద్దండి. మీవోడు మిమ్మల్ని ప్రేమతోనే ముంచాడండి."

గవర్రాజు స్టూలు మీద కూర్చున్నాడు. రింగు తీసుకుని ఆ గీత మీద గోరు పెట్టి చూశాడు.

"అయితే నాను ఎవుడో అనుకో. అలగనుకునే సెయ్యి" అన్నాడు చివరికి.

ముద్ద భీమశంకరరావు గారు తూచి ఇచ్చారు. అచ్చులో పెడుతుంటే జగ్గారావు చెయ్యి దానంతటదే గంధకం డబ్బా వైపు వెళ్లింది. ఆయన డబ్బా మీద మూత పెట్టేశారు. బావని ఉత్త చేతులతో పంపుతున్నట్టనిపించి జగ్గారావుకి ఏడుపొచ్చింది. ప్రెస్సు వేడికి అని చెప్పుకోవడానికి కూడా లేదు, ప్రెస్సు ఇంకా మూయనే లేదు.

బోటు వెళ్లింది, వచ్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. వానలు వెనకబట్టాక ఓ మధ్యాహ్నం రామలక్ష్మమ్మ తమ్ముడి గుమ్మంలోకి వచ్చి కూలబడింది.

"ఏటేసినావురా ఈసారి? అంత బాగున్నాది?"

"ఏటీ ఎయ్యనేదప్పా. అందరికీ ఏసినంతే."

ఆవిడ మొహం చిన్నబోయింది. "మీ బావకైనా ఎయ్యనేదేటి?"

జగ్గారావు తల అడ్డంగా ఊపాడు. రామలక్ష్మమ్మ తమ్ముడి చెయ్యి లాక్కుని ఒళ్లో పెట్టుకుంది. గంధకం వాసన వేస్తున్న ఆ చేతిని చాలాసేపు వదల్లేదు.

"ఒచ్చే ఏడూ ఏటీ ఎయ్యకురా తమ్ముడూ" అంది.