నివేదిక రాసినవారు

స్టీలు గ్లాసు టేబుల్ మీద రెండుసార్లు మోగింది.

రెండుసార్లు మోగితే టీ. ఒకసారి మోగితే మంచినీళ్లు. ఇరవై మూడు రోజులుగా ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య నడుస్తున్న భాష అదే. క్యాథరిన్ పిండి చేతులు కడుక్కుని టీ పోసి ఇచ్చింది. అనిల్ కుమార్ గ్లాసు అందుకున్నాడే కానీ ఆమె ముఖం వైపు చూడలేదు.

"అవ్వా, ఇయ్యాల సభకు నలభై మంది వస్తున్నరని చెప్పు," అన్నాడు, పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న తల్లితో.

ఆనందమ్మ కోడలి వైపు తిరిగింది. "నలభై మందంటనే."

"విన్న అత్తమ్మా."

"టీ, సమోసాలు నాలుగింటికల్లా హాల్ల ఉండాలె అని చెప్పు."

"నాలుగింటికల్లా..."

"అది గూడ విన్న."

రెండడుగుల దూరంలో ఉన్న మనిషికి మధ్యవర్తి! క్యాథరిన్‌కు నవ్వొచ్చింది. కలిసి నవ్వడానికి ఎవరూ లేరని గుర్తొచ్చి, వచ్చిన నవ్వు వచ్చినట్టే పోయింది.

అనిల్ కుమార్ కరీంనగర్‌లో డిగ్రీ కాలేజీ లెక్చరర్. పన్నెండేళ్లుగా ప్రతి నెలా మొదటి శనివారం చర్చి పక్క హాల్లో శాంతి చర్చావేదిక నడుపుతున్నాడు. ఏ దేశాల మధ్య ఎందుకు చెడింది, రాయబారులు ఎక్కడ కూర్చుని మాట్లాడారు, మళ్లీ ఎట్లా కలుస్తాయి... అంతా అరచేతిలో రేఖల్లా చెప్పేస్తాడు. కుర్చీలు వేయించేది, బ్యానరు దులిపేది, టీ కాచేది క్యాథరిన్. సభలో ఓ మూల కూర్చుని మినిట్స్ పుస్తకం రాసేదీ ఆమే. చివర అధ్యక్షుడిగా అనిల్ కుమార్ ఆ పుస్తకం తీసుకుని పైకి చదవాలి. ముందుగా ఓసారి చూసుకోవడం అనే అలవాటు ఆయనకు లేదు. "మా ఇంటావిడ రాసిందంటే చూసే పనే లేదు. నేను ఉట్టి గొంతును మాత్రమే," అని జోకు వేస్తాడు. నలభై మందీ నవ్వుతారు.

అసలు గొడవ ఇదీ. పెద్దాసుపత్రిలో పందొమ్మిదేళ్లుగా నర్సుగా ఉన్న క్యాథరిన్‌కు హెడ్ నర్సుగా ప్రమోషన్ వచ్చింది. ఆసిఫాబాద్‌లో పోస్టింగ్. రావడం ఇది మూడోసారి. మొదటిసారి కూతురి పదో తరగతి అన్నాడు. పదకొండు రోజులు మాట్లాడలేదు. ఆమె ప్రమోషన్ వద్దని రాసిచ్చింది. రెండోసారి అత్త మోకాలి ఆపరేషన్. పదిహేడు రోజులు. మళ్లీ రాసిచ్చింది. ఇప్పుడు కూతురు వరంగల్ హాస్టల్లో ఉంది, అత్త ఎవరి సాయం లేకుండా మార్కెట్‌కు పోయి వస్తోంది. ఇంకే కారణం లేదు గనుక ఉన్నమాటే బయటికొచ్చింది. "నువ్వు పోతే ఈ ఇల్లు ఎవరు నడుపుతరు?" ఆయన ఆమెతో మాట్లాడిన చివరి మాట అది. సోమవారానికల్లా వెళ్లి చేరాలి, లేదంటే వద్దని రాసివ్వాలి. ఈసారీ వద్దంటే ఇక లిస్టులో పేరు ఎన్నడూ రాదమ్మా అని ఆఫీసులో చెప్పారు.

ఆయన అరిచినా బాగుండేదని అనిపిస్తుంది ఆమెకు. అరిస్తే ఎదురు మాట్లాడొచ్చు, ఏడవొచ్చు, పక్కింటివాళ్లయినా ఏమైందని అడుగుతారు. ఈ మౌనానికి సాక్షులుండరు. ఆసుపత్రిలో పొద్దంతా "సిస్టరమ్మా, సిస్టరమ్మా" అని వార్డు వార్డంతా పిలుస్తుంది. ఇంటికొచ్చాక ఆమెకు పేరే లేదు. మొన్న కుక్కర్ విజిల్ వేస్తే "ఆఁ, వస్తున్న" అని జవాబిచ్చింది. ఇచ్చాక భయపడింది. మందమర్రిలో బొగ్గుబాయి పనికి పోయే తండ్రి అహరోను, షిఫ్టు దిగి ఇంటికొస్తూ వీధి మొదట్నుంచే "క్యాథీ!" అని కేకేసేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు భూమ్మీద ఎవరూ లేరు.

అనిల్ కుమార్ స్నానానికి వెళ్లగానే ఆనందమ్మ గొంతు తగ్గించింది. "రేపు సంస్కారపు ఆదివారం బిడ్డా, చర్చిల ప్రభువు రొట్టె తీసుకునే రోజు. కడుపుల కోపం పెట్టుకొని అది ముట్టద్దు. జర నువ్వే తగ్గు. మీ మామ ఉన్నప్పుడు నేను తగ్గలేదా?"

"ఎన్నిసార్లు తగ్గినవ్ అత్తమ్మా?"

సగం తుంచిన చిక్కుడుకాయ ఆనందమ్మ చేతిలోనే ఆగిపోయింది. "ఏమో. యాది లేదు," అంది.

సాయంత్రం హాలు నిండింది. క్యాథరిన్ మూల కుర్చీలో కూర్చుని పుస్తకం తెరిచింది. లోపల ఓ కాగితం. టైపు చేసిన కాగితం. దానికో పెన్ను కూడా తగిలించి ఉంది.

*నా కుటుంబ పరిస్థితుల దృష్ట్యా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టపూర్వకంగా ఈ ప్రమోషన్ వదులుకుంటున్నాను.*

కింద సంతకానికి ఖాళీ. ఎవరి ఒత్తిడీ లేకుండా! క్యాథరిన్ తలెత్తి చూసింది. వేదిక మీద అనిల్ కుమార్ చేతులు చాచి చెబుతున్నాడు. "ప్రపంచంలో ఏ సమస్యకైనా పరిష్కారం ఒక్కటే. సంభాషణ! శత్రువుతోనైనా మాట్లాడాలి!"

చప్పట్లు.

ఆనాటి అతిథి మమతారాణి. బోథ్ ఆమె సొంతూరు. పోలీసుశాఖలో పనిచేసి, విదేశంలో శాంతిదళంలో రెండేళ్లుండి, రిటైరై వచ్చింది. మైకు ముందు నిలబడి చీర కొంగు బొడ్లో దోపుకుంది.

"నాకు పెద్ద పెద్ద మాటలు రావు. చూసింది చెప్త. గాడ రెండు ముఠాలు. ఒక డేరాల ఎనిమిది రోజులు మాట్లాడిన్రు. లోపలికి నీళ్లు మోసే ఆమె ఒకతె ఉండె. ఆమెను ఎవ్వరూ ఏం అడుగలే. తొమ్మిదో రోజు సంతకాలైనయ్. అందరం ఖుష్. ఏమంటవమ్మా, లడాయి ఆగినట్టేనా అని ఆమెను అడిగిన. 'ఆగదు. ఆ కాగితం ఒక్కరే రాసుకొచ్చిన్రు. రెండోవాళ్లకు సంతకం జాగ మాత్రమే ఉంచిన్రు' అన్నది. నెల తిరగలే, మళ్ల కాల్పులు. అప్పటి సంది ఏ ఒప్పందమైనా నేను కింది నుంచి చదువుత. ఎవరికి ఉట్టి ఖాళీ జాగ ఇచ్చిన్రో చూస్త. ఎవరు ఓడిన్రో తెలుస్తది."

రిటైరైన హెడ్మాస్టరు రామచంద్రం లేచాడు. "అట్ల గాదు మేడం. ఎవరో ఒకరు తగ్గితేనే గదా శాంతి?"

"నిజమే సార్. తగ్గేటోళ్లకు ఓపిక ఉన్నన్ని రోజులు ఉంటది."

సభలో నవ్వులు లేచాయి. ముందు వరసలో ఆనందమ్మ మాత్రం నవ్వలేదు. మూలన క్యాథరిన్ పెన్ను మూత తీసింది.

ఆమె రాసింది. ఎప్పట్లాగే గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. రాసిన పేజీలోనే ఆ కాగితాన్ని పెట్టి, లేచి వెళ్లి అధ్యక్షుడి ముందుంచింది. తర్వాత టీ ఫ్లాస్కు దగ్గర నిలబడింది.

అనిల్ కుమార్ పుస్తకం తెరిచాడు. కాగితం కనిపించింది. పెదవి చివర చిన్న నవ్వు మెరిసింది. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంతకం ఉందో లేదో చూడలేదు. ఇన్నేళ్లలో ఏనాడు చూశాడు గనుక!

"మా ఇంటావిడ రాసిన నివేదిక," అని గొంతు సవరించుకున్నాడు. "ఒకటి: శాంతి ఒప్పందాలపై శ్రీమతి మమతారాణి గారు ప్రసంగించారు. రెండు: ఒక పక్షమే రాసి, రెండో పక్షానికి సంతకం స్థలం మాత్రమే ఉంచిన కాగితాన్ని ఒప్పందం అనరాదని సభ గ్రహించింది." బాగుందన్నట్టు తనే తలాడించాడు. అదే ఊపులో గొంతు పెంచాడు. "మూడు: వచ్చే నెల నుంచి టీ, కుర్చీలు, మినిట్స్ సభ్యులే చూసుకోవలెను. నివేదిక రాసినవారు: క్యాథరిన్, సోమవారం నుంచి హెడ్ నర్సు, ఆసిఫా..."

అక్కడ గొంతు ఆగింది.

ఇరవై మూడు రోజుల తర్వాత ఆయన నోట భార్య పేరు వచ్చింది. అదీ ఆమే రాసిస్తే.

ఆ పిలుపు కోసం ఇన్నాళ్లూ చెవులు రిక్కించింది క్యాథరిన్. తీరా వింటే, ఎవరో తెలియని ఆడమనిషిని పిలిచినట్టుంది. మంచిదే. ఆ ఆడమనిషిని ఆసిఫాబాద్‌లో వెతుక్కోవచ్చు.

అనిల్ కుమార్ చేయి జేబు మీదికి పోయింది. కాగితం తీసి విప్పాడు, సంతకం చోటు ఖాళీగానే ఉండటం చూశాడు, మళ్లీ మడిచాడు. అలవాటుగా ముందు వరసలోని తల్లి వైపు తిరిగాడు. "అవ్వా... ఇదేంది? అడుగు ఆమెను."

ఆనందమ్మ కుర్చీలో సర్దుకుని కూర్చుంది. ఒళ్లోని బైబిలు మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"నన్నెందుకు చూస్తవ్ కొడుకా? ఆమె గాడనే ఉన్నది. నీకు నోరున్నది. నువ్వే అడుగు."