బటన్ చుట్టూ ఖాళీ

అంబులెన్సులు పంపే గదిలో ఆవిడ అందరికీ అక్కే. ఫోనులో ఎంత ఏడుపు వినపడినా తొణక్కుండా చిరునామా రాబట్టి, తెరమీద ‘పంపు’ నొక్కడం ఆవిడ పని. ఆ పక్కనే ‘రద్దు’. రెండు బటన్లూ చీమ తలకాయంత. కుడిచెయ్యి వణకడం మొదలయ్యాక మౌస్ బాణం వాటిమీద నిలిస్తే ఒట్టు. మొగుడి దుకాణం మూతపడ్డాక ఇంటిల్లిపాదీ ఆ కుర్చీ మీదే బతుకుతున్నారు. వణుకు సంగతి బయటపడితే ఆ కుర్చీ ఊడినట్టే.

ఆ ప్రోగ్రామ్ రాసింది సొంత మరిదే. వంటింట్లో అతణ్ణి పట్టుకుని గోడు వెళ్ళబోసుకుంది. బటన్లు పెద్దవి చేస్తే ఎవరికోసమని పైవాళ్ళు ఆరా తీస్తారన్నాడు అతను. ఆలోచించి ఆలోచించి చివరికి కంటికి కనపడని ఉపాయం పన్నాడు. బటన్ అంతే ఉంటుంది, దాని చుట్టూ వేలెడు ఖాళీలో ఎక్కడ నొక్కినా బటన్ నొక్కినట్టే లెక్క.

“ఇంక కళ్ళు మూసుకుని గుద్దినా తగుల్తుంది వదినా. మా అన్నని గుద్దినట్టు మాత్రం గుద్దకు,” అన్నాడు. చాన్నాళ్ళకి ఆవిడ నవ్వింది.

అయితే ప్రోగ్రామ్ అందరికీ ఒకటే, పైగా ఆ గదిలో అందరికీ ఓ అలవాటుంది. వేరే పని చూసుకుని తిరిగొచ్చాక, అడుగున పడ్డ విండోను పైకి తెచ్చుకోడానికి అందులో ఖాళీ చోట ఒక నొక్కు నొక్కుతారు. ఆవిడ ఆ అలవాటు మానుకుంది. మిగతావాళ్ళని మానమంటే ఎందుకని అడుగుతారని గుట్టుగా ఊరుకుంది.

పక్క కుర్చీ పిల్లకి ఏం తెలుసు? ఊపిరాడని చంటిదాని కోసం బండి పంపి, ఇంకో ఫోను చూసుకుని వచ్చి, ఎప్పటిలా ఖాళీలో నొక్కింది. అది ‘రద్దు’ పక్క ఖాళీ, పంపిన బండి రద్దయిపోయింది. బండి సగం దారిలో వెనక్కి తిరిగింది. తల్లి మళ్ళీ ఫోను చేసేసరికి చంటిది ప్రాణం వదిలేసింది.

ఖాళీలోనే నొక్కానని ఆ పిల్ల పై అధికారి ముందు ఏడ్చి మొత్తుకుంది. ఖాళీలో నొక్కితే బండి తిరిగొస్తుందా అని ఆయన వెటకారం చేశాడు. ఆ పిల్లని పోలీసులకి అప్పగిస్తారన్న మాట వరండాదాకా వినపడింది.

“నువ్వు నోరు విప్పావంటే ఇద్దరం రోడ్డున పడతాం వదినా,” అన్నాడు వరండాలో ఆవిడ పక్కనే నిలబడ్డ మరిది, గొంతు తగ్గించి.

ఆవిడ అతణ్ణి దాటుకుని లోపలికెళ్ళింది. ఇన్నాళ్ళూ ఒళ్ళో దాచుకున్న చెయ్యి బల్లమీద పెట్టింది. వేళ్ళు బల్లని టకటకా కొట్టుకున్నాయి.

“ఈ అమ్మాయి తప్పేం లేదండీ. ఆ ఖాళీ నాకోసం నేనే చేయించుకున్నా.”

అధికారి ఆ చేతిని చూశాడు. తర్వాత మరిదిని పిలవమన్నాడు.

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది గాని ఆవిడకి దణ్ణం పెట్టలేదు.

“నాకొక్కదానికైనా చెప్పుంటే, నేనక్కడ నొక్కేదాన్నా అక్కా?” అంది.