సారు వస్తాడని అలికిన ఇల్లు

ఆగమ్మకు ఇంట్లో చిన్న పుల్ల కనబడినా అన్నం సయించదు. అలాంటి మనిషి ఇంట్లోకి ఇరై నది నీళ్లు మోకాలి ఎత్తున వచ్చి రెండు రోజులు తిష్ఠ వేశాయి. మరాఠీ గడ్డ మీది బాబుపేట్‌లో ఆ వరుస ఇళ్లన్నిటిదీ అదే గతి. బియ్యం మురిగాయి. కూతురు సుమన్ కుట్టుమిషన్ పాడైంది. బొగ్గుగనిలో పనిచేసిన భర్త పోచన్న పోయాక ఆ మిషనే తల్లీకూతుళ్లకు కూడు పెడుతోంది.

నీళ్లు చొరబడ్డ ఇళ్లకు సర్కారు వరదకు ఒకసారి సాయం ఇస్తుంది. ఊరి రెవెన్యూ ఉద్యోగి తలాఠీ వచ్చి, ఇల్లు చూసి, నష్టానికి పంచనామా రాయాలి. ఆ డబ్బు వస్తే మిషన్ బాగవుతుంది.

సారు రేపు వస్తాడని తెలియగానే ఆగమ్మ నడుం బిగించింది. బురద ఎత్తిపోసింది, గోడలకు సున్నం కొట్టింది, నేల అలికి గడప ముందు ముగ్గేసింది. పక్కింటి లస్మవ్వను అడిగి పాలు తెచ్చుకుంది. మర్నాడు సుమన్ మిషన్‌ను రిపేరు దుకాణంలో చూపించడానికి తీసుకెళ్లిన సమయంలో తలాఠీ వచ్చాడు. కుర్చీలో కూర్చుని చాయ్ తాగి, బాగుందన్నాడు. మరాఠీలో ఏదో రాసి వేలిముద్ర వేయమంటే ఆగమ్మ సంబరంగా వేసింది.

వరుసలో అందరికీ డబ్బు వచ్చింది, ఆమెకు తప్ప. ఇల్లు పొడిగా ఉంది, నష్టమేమీ లేదు అని రాసిపోయాడట ఆ మహానుభావుడు. చాయ్ సంగతి మాత్రం రాయలేదు.

సుమన్ మరాఠీలో అప్పీలు రాసింది. నాలుగు నెలలు తిరిగితే పిలుపు వచ్చింది. ఆఫీసులో తలాఠీ పైనున్న పెద్దసారు ఆ పంచనామా కాగితం చూపించి, ఈ వేలిముద్ర నీదేనా అని అడిగాడు. తనదేనంది ఆగమ్మ. నీళ్లు వస్తే ఇల్లు ఇంత శుభ్రంగా ఎలా ఉందన్నాడు.

“సారు మొదటిసారి మా ఇంటికొచ్చె. బురదల ఎట్ల కూసోబెడ్తం సారూ?”

సుమన్ ఆ మాట మరాఠీలో చెప్పింది. ఆయన ఆ కాగితాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాడు. పాపం, మంచివాడే. కానీ ఆ రోజు చూసిందే లెక్క, ఇప్పుడు కొత్తగా చూడటానికి ఏమీ లేదన్నాడు. అప్పీలు కొట్టేశారు. మిషన్ తుక్కు సామాన్ల బండి ఎక్కింది. సుమన్ ఇంకొకరి దుకాణంలో కూలికి కుడుతోంది.

మరుసటి ఏడు మళ్లీ నీళ్లు వచ్చి పోయాయి. సుమన్ చీపురు అందుకుంటే ఆగమ్మ చేయి పట్టుకుని ఆపింది.

“ముట్టుకోకు బిడ్డా. సారు చూడనీ.”

ఐదు రోజులు బురద కుళ్లింది. ఆగమ్మ ముద్ద మింగలేక గడప అవతలే కూర్చుంది. ఆరో రోజు అదే తలాఠీ వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని బయటి నుంచే తొంగిచూశాడు. గబగబా రాసి, ఈసారి డబ్బు వస్తుందన్నాడు. కూర్చోమనడానికి ఆగమ్మకు నోరు రాలేదు.

వెళ్తూ వెళ్తూ వెంట ఉన్న మనిషితో, వీళ్లు ఇల్లు ఇలాగే ఉంచుకుంటారు కాబోలు అన్నాడు మరాఠీలో. ఆగమ్మకు మరాఠీ చదవడం రాదు గానీ, నలభై ఏళ్లుగా వింటున్న భాష. సిగ్గుతో ఆమె తల వాలిపోయింది.

“సుమన్, ఇగ ఆ చీపురియ్యి” అంది.